బరంపురం నుంచి ఇంగ్లండ్‌లో పాత సంత ఊరికి కాపురం వెళ్లేవాళ్లకి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగిళ్లలో ఈమధ్య ఎవరో ఒకరి అమ్మాయికి ఇంగ్లండ్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగమో, ఎవరో ఒకరి అల్లుడికి కేంబ్రిడ్జి చుట్టుపక్కల కంపెనీలో పనో దొరుకుతోంది. తీరా చూస్తే ఉండాల్సింది లండన్‌లో కాదు, ఎప్పుడూ పేరు వినని చిన్న ఊళ్లో. సఫోక్ కౌంటీలో బరీ సెయింట్ ఎడ్మండ్స్ అని అలాంటి ఊళ్లోనే నా కాపురం. సెలవుకి బరంపురం వస్తే చాలు, బడా బజారులో కూరగాయలు కొంటుంటే కూడా ఎవరో ఒకరు ఆపి అడుగుతారు కాబట్టి అందరికీ కలిపి రాసేస్తున్నాను. వీసా, టికెట్ల సంగతి ఇందులో ఉండదు. ఇల్లు చూసుకోవడం, ఆ ఇంట్లో పాడు చేయకుండా ఉండటం, వీధిలో మాట పడకుండా బతకడం, అంతే.

ముందు ఊరి తీరు తెలియాలి, ఎందుకంటే ఇంటి కష్టాలన్నీ దాని వయసులోంచే వస్తాయి. 11వ శతాబ్దంలో అక్కడి క్రైస్తవ మఠాధిపతి బాల్డ్విన్ వేయించిన నిలువు, అడ్డం వీధులే ఇప్పటికీ ఊరి నడిబొడ్డు. ఎనిమిదో హెన్రీ కాలంలో 1539లో మఠం మూతపడ్డాక దాని రాళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లకి చేరాయి, పడమటి గోడ శిథిలాల మధ్యలోనైతే ఏకంగా ఇళ్లే కట్టేసుకున్నారు, వాటిలో ఇవాళ్టికీ జనం ఉంటున్నారు. అంటే కారు పుట్టకముందు వీధులు, రేడియేటర్ పుట్టకముందు గోడలు. గుమ్మం తీస్తే నేరుగా ఫుట్‌పాత్ మీద కాలు పడే ఇళ్లు చాలా ఉంటాయి. చారిత్రక కట్టడంగా జాబితాకెక్కిన ఇల్లయితే కిటికీ మార్చడానికి ఓనరు కూడా అనుమతి తెచ్చుకోవాలి, మీకు చలేస్తోందని చెప్పినా ఒంటి అద్దం కిటికీకి రెండో అద్దం పడుతుందని ఆశ పెట్టుకోకండి.

అందుకే నా మాట: మొదటి శీతాకాలం ఊరి నడిబొడ్డులో వద్దు. ఫొటోల్లో ఆ గులాబీ రంగు గోడలు, వంగిన దూలాలు చూసి మనసు పారేసుకుంటారు, డిసెంబర్ గ్యాస్ బిల్లు వచ్చాక తెలుస్తుంది. అక్కడ కారు పెట్టుకోవడానికి కూడా చాలా వీధుల్లో పర్మిట్ కావాలి. బరీలోనైతే తూర్పు వైపు మోర్టన్ హాల్ అని కొత్త కాలనీలు ఉన్నాయి, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేకపోయినా ఇల్లు వెచ్చగా ఉంటుంది, పక్కన కారుకి చోటుంటుంది. కాకపోతే ఆసుపత్రి ఊరికి దక్షిణం వైపు, కాబట్టి తెల్లవారుజామున డ్యూటీ ఉన్న నర్సమ్మలు బస్సు టైములు చూసుకున్నాకే సంతకం పెట్టాలి. మధ్యే మార్గం విక్టోరియా కాలం నాటి వరస ఇళ్లు: గోడకి గోడ ఆనుకుని, వెనక చిన్న పెరడు, స్టేషన్‌కి సంతకి నడక దూరం. ఏ ఇల్లయినా ఈపీసీ అనే పత్రం అడగండి, ఇల్లు ఎంత వేడి నిలబెట్టుకుంటుందో ఏ నుంచి జీ వరకు అక్షరాల్లో ఉంటుంది. మామూలుగా 'ఈ' అక్షరం కంటే తక్కువ ఉన్న ఇల్లు అద్దెకి ఇవ్వకూడదు, మీరు మాత్రం సీ వచ్చేవరకు వెతకండి.

సంతకం దగ్గర కొన్ని లెక్కలు గుర్తుంచుకుంటే ఏజెంటు ముందు తడబడరు. ఇల్లు పట్టి ఉంచడానికి తీసుకునే డబ్బు ఒక వారం అద్దె దాటకూడదు, డిపాజిట్ మామూలు అద్దెలకి ఐదు వారాలు దాటకూడదు. ఆ డిపాజిట్‌ని 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన పథకంలో పెట్టి, కాగితం మీకివ్వాలి. మీ వీసా నిరూపించడానికి మీరు ఆన్‌లైన్‌లో షేర్ కోడ్ తీసి ఏజెంటుకి ఇవ్వాలి. తాళాలు చేతికొచ్చిన రోజే, సామాను విప్పకముందే, గోడ మీద ప్రతి గీతా, తివాచీ మీద ప్రతి మరకా, అలమారా లోపలి బూజూ ఫొటో తీసి అదే రోజు ఏజెంటుకి మెయిల్ పెట్టేయండి. గ్యాస్, కరెంటు మీటర్లు కూడా ఫొటో తీయండి. మా వాళ్లమ్మాయి ఒకామె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పసుపు మరక పేరు చెప్పి డిపాజిట్‌లో కోత పెట్టబోయారు, మొదటి రోజు ఫొటోలో ఆ మరక అప్పటికే ఉంది, అంతటితో నోరు మూసుకున్నారు.

ఇక స్నానాల గది. ఇది జాగ్రత్తగా చదవండి, మీ అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి. అక్కడ బాత్రూం నేలకి నీళ్లు పోయే కన్నం ఉండదు. చాలా ఇళ్లలో బాత్రూం మేడ మీద, నేల కింద చెక్కలు, ఆ చెక్కల కింద మీ హాలు పైకప్పు. మన అలవాటు కొద్దీ నేల మీద నిలబడి మగ్గుతో నీళ్లు పోసుకుంటే ఆ నీళ్లు అంచుల్లోంచి దిగి కింద సోఫా మీద పడతాయి. మా పిన్నిగారు ఫోన్‌లో "ఏటమ్మా, అంత పెద్ద దేశంలో బాత్రూంకి తూము కూడా పెట్టుకోరా?" అంది గానీ, పెట్టుకోరు. బకెట్టూ మగ్గూ కావాలంటే స్నానపు తొట్టిలో పెట్టుకుని, కర్టెన్ అంచు తొట్టి లోపలికి వేసుకుని కానివ్వండి. బాత్రూం కడగడమంటే తడిగుడ్డతో తుడవడమే. లైటుకి స్విచ్ గోడ మీద వెతక్కండి, పైనుంచి తాడు వేలాడుతుంటుంది, లాగాలి. పాత ఇళ్లలో వేడినీళ్ల కుళాయి, చన్నీళ్ల కుళాయి విడివిడిగా ఉంటాయి, ఒకటి మండుతుంది, ఇంకోటి కొరుకుతుంది, సింకు మూత పెట్టి కలుపుకోవాలి. టాయిలెట్ దగ్గర స్ప్రే పైపు కావాలంటే ఓనరు ఒప్పుకున్నాక ప్లంబరుతోనే పెట్టించండి, మురికి నీళ్లు మంచినీళ్ల గొట్టంలోకి వెనక్కి పోకుండా వాళ్లకి రూల్స్ ఉన్నాయి. అంతవరకు ఒక చెంబు చాలు.

వంటింట్లో మన శత్రువు పొగ అలారం. ఎండుమిర్చి పోపు వేసిన క్షణంలో వీధంతా వినిపించేలా కూస్తుంది. దానికి ప్లాస్టిక్ సంచి కట్టడం, బ్యాటరీ పీకేయడం చేయకండి, చెక్కలతో నిండిన వరస ఇళ్లలో ఒక ఇంటి నిప్పు నాలుగిళ్లది. పోపుకి ముందు కిటికీ తెరవండి, వంటింటి తలుపు మూయండి, ఫ్యాన్ వేసి, నూనె పొగలు కక్కకముందే గింజలు వేసి మూత పెట్టేయండి. పొయ్యి మీది హుడ్ చూసి మోసపోవద్దు, చాలా హుడ్లు గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతాయి, పైభాగంలో చెయ్యి పెడితే తెలిసిపోతుంది. అప్పడాలు, బూరెలు వేయించిన నూనె సింకులో పోయకండి, చల్లారాక పాత సీసాలో పోసి చెత్తలో వేయండి. ఆ చలికి గొట్టంలోనే గడ్డకట్టి మురుగు వెనక్కి తన్నుతుంది.

అలారం కూసి ఊరుకుంటుంది, చెమ్మ అలా కాదు. అన్నం వండిన ఆవిరి, ఆరేసిన బట్టల తడి, పడుకున్నప్పటి మన ఊపిరి, అన్నీ చల్లటి గోడకి తగిలి నీళ్లవుతాయి, నెల తిరక్కుండా మూలల్లో నల్ల బూజు. మనవాళ్లు చలికి భయపడి కిటికీలన్నీ బిగించి, లోపల రేడియేటర్ మీద జీన్స్ ఆరేస్తారు, బూజుకి అంతకంటే విందు లేదు. రోజూ పొద్దున్నే కిటికీ అద్దం మీది నీళ్లు గుడ్డతో తుడిచేయండి, పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరవండి. కిటికీ పైన సన్నటి గాలి చీలిక ఉంటే దాన్ని టేపుతో మూయకండి. బీరువా బయటి గోడకి ఆనించకుండా కాస్త ఎడంగా పెట్టండి, ముఖ్యంగా బరంపురం పట్టుచీరలు దాచే బీరువా. అక్కడ పట్టుకి పట్టిన బూజు వాసన మన ఎండలో రెండు రోజులు వేసినా ఒక పట్టాన వదలదు. హీటింగ్ రోజంతా ఆపేసి రాత్రి ఒక్కసారి ఇరవై ఐదుకి తిప్పే బదులు 18 దగ్గర నిలకడగా ఉంచితే గోడలు చల్లబడవు. బాయిలర్ మీద చిన్న గడియారంలాంటి ముల్లు ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు అది 1 నుంచి 1.5 మధ్య ఉండాలి, బాగా తగ్గితే హీటింగ్ ఆగిపోవచ్చు, ఏజెంటుకి చెప్పండి. చెమ్మ గురించి ఏం చెప్పినా మెయిల్‌లోనే చెప్పండి, ఫోన్‌లో అన్నమాటకి సాక్ష్యం ఉండదు.

వీధిలో మీ పరువు చెత్త డబ్బాల మీద ఆధారపడి ఉంటుంది, నవ్వకండి. మాకు మామూలు చెత్తకి నల్ల డబ్బా, మళ్లీ వాడదగ్గ ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలకి నీలం డబ్బా, వేర్వేరు వారాల్లో తీసుకెళ్తారు. మీ ఊళ్లో రంగులు వేరే ఉండొచ్చు, కౌన్సిల్ (అక్కడి మునిసిపాలిటీ) సైట్‌లో పిన్‌కోడ్ కొడితే మీ వీధి క్యాలెండర్ వస్తుంది, ఫ్రిజ్‌కి అంటించుకోండి. తిండి వ్యర్థాలు వారం వారం విడిగా తీసుకెళ్లాలని ఇంగ్లండ్ కౌన్సిళ్లకి 2026 మార్చి 31 గడువు పెట్టారు, కొన్నింటికి ఇంకొంచెం సమయం ఇచ్చారు, కాబట్టి మీ ఇంటికి ఇంకో చిన్న డబ్బా వస్తే కంగారు పడకండి. పెరుగు డబ్బా కడగకుండా నీలం దాంట్లో వేస్తే, లేదా పిల్లల డైపర్ అందులో పడితే, మొత్తం డబ్బా తీసుకెళ్లకుండా వదిలేసి దానికో చీటీ తగిలించి పోతారు, ఇంకో రెండు వారాలు ఆ చీటీ వీధంతా చదువుతుంది. ముందురోజు రాత్రి పెట్టాలి, లారీ వెళ్లాక లోపలికి తెచ్చుకోవాలి. ఏ డబ్బా పెట్టాలో మర్చిపోతే కిటికీలోంచి పక్కింటి ముసలాయన ఏది పెట్టాడో చూడండి, ఆయన తప్పు చేయడు.

ఆఫీసులు ఎవరు దేనికో తెలియక చాలామంది తిరుగుతారు. చెత్త, కౌన్సిల్ ట్యాక్స్ వెస్ట్ సఫోక్ కౌన్సిల్. బడి, రోడ్లు, లైబ్రరీ సఫోక్ కౌంటీ కౌన్సిల్. వీటి కింద ఊరికి ఇంకో టౌన్ కౌన్సిల్. వేరే ఊళ్లలో ఒక్కటే ఉండొచ్చు. కౌన్సిల్ ట్యాక్స్ అద్దెకున్నవాళ్లే కడతారు, ఇది అద్దెలో కలిసిపోయిందనుకుని లెక్కేసుకోకండి. ఇంటికి 1991 నాటి విలువ చూసి ఏ నుంచి హెచ్ వరకు పెట్టిన వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒంటరిగా ఉంటే నాలుగో వంతు తగ్గుతుంది, అడగాలి, దానంతట అది తగ్గదు. మామూలుగా ఏడాదిది పది వాయిదాల్లో వసూలు చేస్తారు, పన్నెండు చేయమంటే చేస్తారు.

సంత గురించి చెప్పకపోతే ఎలా. మాకు బుధ, శనివారాలు, ఊరి మధ్యలో కార్న్‌హిల్, బటర్‌మార్కెట్ దగ్గర. సర్దేసే వేళకి వెళ్తే గిన్నెడు టమాటాలు, మిరపకాయలు పౌండుకో రెండు పౌండ్లకో ఇచ్చేస్తారు. బేరం ఆడకండి, అక్కడ అది మర్యాద కాదు, కానీ రెండు వారాలు ఒకే బండి దగ్గర కొంటే మూడో వారం గుప్పెడు కొత్తిమీర ఊరికే వేస్తాడు. కరివేపాకు, కందిపప్పు, ఇడ్లీ బియ్యానికి నెలకోసారి కేంబ్రిడ్జి మిల్ రోడ్ వెళ్లొస్తే సరి, రైల్లో ముప్పావు గంట. ఆదివారం మాత్రం గుర్తుపెట్టుకోండి: 280 చదరపు మీటర్లు దాటిన పెద్ద దుకాణాలు ఆ రోజు ఆరు గంటలకి మించి తెరవకూడదు, 1994 చట్టం. చుట్టాల్ని ఆదివారం రాత్రి భోజనానికి పిలిచి సాయంత్రం పెరుగు కోసం సూపర్‌మార్కెట్‌కి వెళ్తే షట్టర్ చూసి రావాలి. గిన్నెలు, చలికోట్లు, పిల్లల సైకిళ్లు కొత్తవి కొనకండి, ఇలాంటి ఊళ్లలో జనం ఇచ్చేసిన పాత సామాను అమ్మే చారిటీ షాపులు వరసగా ఉంటాయి, డబ్బున్న పెద్దవాళ్ల వీధికి దగ్గర్లో ఉన్న షాపులో సరుకు ఇంకా బాగుంటుంది.

ఇరుగుపొరుగు సంగతి. వాళ్లంతట వాళ్లు వచ్చి తలుపు కొట్టరు, మనమే దిగిన వారంలో వెళ్లి పేరు చెప్పాలి, లోపలికి రమ్మంటారని ఆశించకుండా గుమ్మం దగ్గరే రెండు నిమిషాలు మాట్లాడి వచ్చేయాలి. ఆ తర్వాత మీ పార్శిళ్లు వాళ్లు పుచ్చుకుంటారు, వాళ్ల పిల్లికి మీరు తిండి పెడతారు, అలా మొదలవుతుంది. మధ్య గోడ పల్చన, రాత్రి పదకొండు దాటాక మిక్సీ, వాషింగ్ మెషిన్, ఇంటికి వీడియో కాల్‌లో పెద్ద గొంతు, మూడూ వద్దు. దీపావళికి కంగారు లేదు, ఆ రాత్రి ఒంటిగంట వరకు టపాసులు కాల్చుకోవచ్చని చట్టంలోనే ఉంది, మామూలు రోజుల్లో పదకొండు వరకే. కానీ వీధిలో కాల్చడం నేరం, మీ పెరట్లోనే. పక్కింట్లో కుక్క ఉంటే ముందురోజు చెప్పి రండి, ఒక చిన్న డబ్బాలో మైసూర్‌పాకు కూడా ఇస్తే వచ్చే ఏడు వాళ్లే పెరటి గోడ దగ్గరికొచ్చి చూస్తారు.

డాక్టరు విషయంలో మొదటి జలుబు దాకా ఆగకుండా వచ్చిన వారమే దగ్గర్లో జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర నమోదు చేసుకోండి. మీ వీసాతోపాటు పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుం కట్టి వచ్చుంటారు (ఆసుపత్రి ఉద్యోగపు వీసా వాళ్లకి ఇది ఉండదు), వాడుకోండి. మందుల చీటీకి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, అరవై దాటినవాళ్లకి ఉచితం. గొంతునొప్పి, పిల్లల చెవిపోటు లాంటి కొన్నింటికి మందుల షాపు ఫార్మసిస్టే మందిస్తాడు. ప్రాణం మీదకొస్తే 999, అంత కాకపోతే 111.

మిగిలినవి చకచకా. టీవీలో ఏ ఛానెల్ అయినా లైవ్‌లో చూస్తే టీవీ లైసెన్స్ కావాలి, మన తెలుగు వార్తల ఛానెల్ ఫోన్‌లో లైవ్ చూసినా అంతే. అయిపోయిన సీరియల్ తర్వాత చూసుకుంటే అక్కర్లేదు, బీబీసీ ఐప్లేయర్‌కి మాత్రం ఎలా చూసినా కావాలి. మన లైసెన్స్‌తో కారు 12 నెలలు నడపొచ్చు, ఆ గడువు అక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి లెక్క, పరీక్ష తేదీలు త్వరగా దొరకవు కాబట్టి ఆరో నెలలోనే మొదలెట్టండి. పిల్లాణ్ణి సెప్టెంబర్‌లో ప్రైమరీ బడిలో వేయాలంటే అదే ఏడు జనవరి 15 లోపు దరఖాస్తు, పెద్ద బడికైతే అంతకు ముందు ఏడు అక్టోబర్ 31. బడికి దగ్గరున్నవాళ్లకి సీటు దొరికే అవకాశం ఎక్కువ, కాబట్టి ఇల్లు వెతికేటప్పుడే బడి కూడా చూడండి. ఇంకోటి, అక్టోబర్ వస్తూనే ఊరంతా ఏదో ఉడుకుతున్న మట్టి వాసన వేస్తే గ్యాస్ లీకని భయపడకండి, అది చక్కెర మిల్లు. ఆస్కాలో చెరకు, అక్కడ బీట్ దుంప. చలికాలం పొడుగునా తెల్లటి ఆవిరి లేస్తుంది, దుంప లారీల వెనక కారు నడిపేటప్పుడు కాస్త దూరం ఉంచండి, మట్టిగడ్డలు జారి పడతాయి.

అమ్మానాన్నల్ని రప్పిస్తే మే నుంచి సెప్టెంబర్ మధ్యే రప్పించండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే, మఠం తోటలో కూర్చుంటారు, పలకరించే మనుషులు దొరుకుతారు. డిసెంబర్‌లో నాలుగు కాకుండానే చీకటి, మీరు డ్యూటీకి పోతే వాళ్లకి ఇంట్లో గడియారం చూడటమే పని. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఆరోగ్య రుసుం కట్టరు కాబట్టి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బిల్లు మామూలు లెక్కకి ఒకటిన్నర రెట్లు, ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కించకండి, బీపీ, షుగర్ ఉన్న సంగతి పాలసీలో దాచకండి. సామానులో అప్పడాలు, ఆవకాయ పర్వాలేదు. పాలకోవా, ఛెనాపోడ, నెయ్యి మాత్రం వద్దు, ఇండియా నుంచి పాల పదార్థాలేవీ తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తే వాళ్లకి ప్రాణం ఉసూరుమంటుంది. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆవకాయ జాడీలో కాకుండా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసి, రెండు కవర్లు చుట్టి, పెద్ద సూట్‌కేసులో చీరల మధ్య కాకుండా తువ్వాళ్ల మధ్య పెట్టమనండి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు.